తువ్వాలు కింద పాస్‌వర్డ్

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి తన గేమ్ పాస్‌వర్డ్ క్లాసులో అందరికీ చెప్పేసిందని ఈ ఉదయం తెలిసింది. అరగంట క్లాసు పీకాను. బుద్ధిగా తలూపింది కానీ బుర్రకెక్కలేదు.

అప్పుడు మా నాన్న భుజం మీది తువ్వాలు తీసి, మనవరాలి చేతి మీద కప్పి, కింద నుంచి వేళ్ళు పట్టుకున్నారు. ఎనభైల్లో మా చాట్రాయి తోట మామిడికాయలకి బేరం అలాగే, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటూ జరిగేది.

"చుట్టూ పదిమంది నిలబడ్డా, ధర ఈ రెండు చేతులకే తెలిసేది తల్లీ. పాస్‌వర్డూ అంతే" అన్నారు.

దానికి చప్పున అర్థమైపోయింది. నాకు కాస్త కుళ్ళుగా కూడా అనిపించింది.

సాయంత్రం నాన్నకి ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచట. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మెసేజ్‌లో వచ్చిన ఓటీపీని వీధంతా వినపడేలా చదవడం మొదలుపెట్టారు. రెండో అంకె దగ్గరే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఫోన్ మీద తువ్వాలు కప్పేసింది.

"తాతయ్యా, తువ్వాలు కింద అవతలి చెయ్యి ఎవరిదో చూశావా?"

నాన్న ఫోన్ పెట్టేసి, తువ్వాలు దులిపి మనవరాలి భుజాన వేశారు.

మీ ఇంట్లో ఎవరు ఎవరికి నేర్పుతున్నారండీ?