మాట లేని ఆ ముఖం

సుచిత్ర చౌరస్తా దగ్గరి మల్టీప్లెక్సులో వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన తగిలినప్పుడల్లా నాకు మేడ్చల్‌లోని పాత టాకీసు గుర్తుకు వస్తుంది. వేయించిన పల్లీలు, బీడీ పొగ, నీళ్లు చల్లిన మట్టినేల, వానకు తడిసి వచ్చిన జనం, అన్నీ కలిసిన వాసన అది. తొంభైల చివర, ఆదివారం మ్యాట్నీకి మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మా అవ్వను చెయ్యి పట్టుకొని బస్సులో తీసుకుపోవడం నా పని. నాకప్పుడు పదేళ్లు. అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. వెలుతురు తప్ప మరేమీ తెలిసేది కాదు. ఆపరేషన్ చేయిస్తానని నాయిన ఏడాదిగా బతిమాలుతున్నా, "చెవులున్నయి, సాలు" అని కొట్టిపారేసేది.

నిజంగానే ఆమె చెవులతో సినిమా చూసేది. డప్పులు మోగితే దుర్మార్గుడు వస్తున్నాడని, వేణువు వినిపిస్తే నాయిక వస్తున్నదని, తెర మీదికి మనిషి రాకముందే చెప్పేది. చీరల రంగులు, మీసాల తీరు మాత్రం నేను చెప్పాలి.

ఒక సినిమాలో, తప్పిపోయిన కొడుకు ఏళ్ల తరువాత పొలం గట్టు మీద నడిచి వస్తుంటే, తల్లి గడపలో నిలబడి చూస్తుంది. దర్శకుడు అక్కడ సంగీతాన్ని, మాటలను, చివరికి గాజుల చప్పుడును కూడా ఆపేసి, తెర నిండా ఆమె ముఖాన్ని మాత్రమే నిలిపాడు. యంత్రం చెడిపోయిందనుకొని హాలంతా కుర్చీలు బాదుతూ "సౌండు! సౌండు!" అని అరిచింది. అందరికన్నా అవ్వ గొంతే పెద్దది.

"ఓ ఆపరేటరూ, పండుకున్నవా ఏంది?"

ఆపై నా మోచేయి పట్టుకుంది. "ఏమైతాందే?"

"కొడుకొస్తుండు. తల్లి ఊకె జూస్తాంది, అవ్వా."

"నవ్వుతాందా, ఏడుస్తాందా?"

"రెండూ."

"రెండు ఎట్లయితయే? సక్కగ జెప్పు!"

నాకు చెప్పడం రాలేదు. ఇల్లు చేరగానే నాయినను పిలిచింది. "కన్ను కోయించు బిడ్డా. గా మొఖం నేను జూడాలె."

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు అదే సినిమా శామీర్‌పేటలో డేరా టాకీసుకు వచ్చింది. అవ్వ నల్లద్దాలు పెట్టుకొని ముందు వరుసలో కూర్చుంది. ఆ ఘట్టం రాగానే జనం మళ్లీ "సౌండు!" అని లేచారు. అవ్వ కూడా లేచింది, కానీ వెనక్కి తిరిగి, "నోర్లు మూసి జూడుండ్రి! గా మొఖంల రెండూ ఉన్నయి!" అని గద్దించింది. డేరా అంతా గప్‌చుప్.

ఆ డేరా వేసిన చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. నేటి హాళ్లలో తెర మీద చప్పుడు ఆగితే ఎవరూ అరవరు. అది దర్శకుడు కోరి ఆపినదేనని అందరికీ తెలుసు. కుర్చీలు బాదే ఆ జనమూ లేరు, వాళ్లను కూర్చోబెట్టే అవ్వా లేదు.