లైసెన్సును చెరిపేసిన స్క్రిప్టు

సింగపూర్‌లో తంజోంగ్ పగార్‌లోని మా కంపెనీ అమ్మే గోడౌన్ సాఫ్ట్‌వేర్‌లో, సరుకు ఎక్కడుందో వెతికిపెట్టే భాగం మొత్తం నేనే రాశానని చాలామందికి చెప్పాను. పండగ భోజనాల్లో వడ్డన ఆపి మరీ చెప్పాను. ఒక్క వారాంతంలో, కాఫీ తప్ప ఏమీ ముట్టకుండా రాశానని కూడా కలిపాను.

కాఫీ మటుకు నిజం. ఆ భాగం నెట్‌లో దొరికింది. ఎవరో రాసి, అందరినీ వాడుకోమని పెట్టారు. షరతు ఒకటే: దాన్ని కలిపి ఏదైనా అమ్మితే, కొన్నవాళ్లకు మన కోడ్ కూడా ఇవ్వాలి. ఆ లైసెన్సు ఫైలు మొదట్లోనే ఉంది. చదవలేదని ఇక్కడ రాద్దామనుకున్నాను. చదివాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

మా ఆఫీసులో విడుదలకు ముందు ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, నడిపేవాళ్లం. అది ప్రతి ఫైలు మొదట్లో ఉన్న రాతలు తీసేసి మా కంపెనీ కాపీరైటు అతికించేది. అది మాత్రం నిజంగా నేనే రాశాను. ఆ అరువు భాగం కలిపినసారి దాన్ని నడిపింది మా టీములోని వరంగల్ అమ్మాయి.

ఈమధ్య మా కంపెనీని కొనడానికి వచ్చినవాళ్లు కోడ్‌ను పరీక్ష చేయించారు. అరువు కోడ్ బయటపడింది. రికార్డులో లైసెన్సు చెరిపిన మార్పు ఆమె పేరు మీద ఉంది. మధ్యాహ్నం వచ్చి సంజాయిషీ చెప్పమని ఆమెకు కబురు పెట్టాడు మేనేజరు.

అంతకు ముందు భోజనానికి, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో, నా ఎదురుగా కూర్చుంది. ప్లేటు ముట్టుకోలేదు.

“అంకుల్, అది మీరే రాసిన్రంటిరి గదా. మరి లైసెన్స్ యాడికెళ్లి వచ్చింది?”

“స్క్రిప్టు నడపమన్నది నేనే కదమ్మా.”

“అది కాదు నేనడిగేది. నా వర్క్ పాస్ రెన్యువల్ల ఉన్నది. ఇప్పుడు నౌకరికెళ్లి తీసేస్తే పాప స్కూల్ నడుమల ఇడిసి ఇండియా పోవాలె. రాసింది మీరా కాదా, చెప్పున్రి.”

“కాదు.”

ప్లేటు పక్కకు జరిపింది. “పండుగనాడు మా ఆయన మీతోని ఫోటో దిగిండు అంకుల్.”

నాకు నవ్వు రాలేదు, సిగ్గూ రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక చెంప ఉన్నట్టు ఉంది.

ఆమెతో పాటు మేనేజరు గదికి వెళ్లాను. కోడ్ తెచ్చిందీ నేనే, చెరిపే స్క్రిప్టు రాసిందీ నేనే, ఆమె నేను చెప్పింది చేసిందంతే అన్నాను. “కస్టమర్లకు కూడా నువ్వే రాశావని చెప్పావు కదా అంకుల్” అన్నాడతను ఇంగ్లీషులో, ఫోన్ చూసుకుంటూ.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఆ భాగాన్ని పీకేసి కొత్తగా రాయాలన్నారు లాయర్లు. అదీ, మళ్లీ కాపీ కొట్టారన్న మాట రాకుండా, పాత కోడ్‌ను ఎన్నడూ చదవనివాళ్లే రాయాలట. ఆమె నా మాట నమ్మి ఆ ఫైలు ఒక్కసారీ తెరవలేదు. పని ఆమెకే ఇచ్చారు. నాకు కోడ్ చూసే అనుమతి తీసేసి, మాన్యువళ్లు దిద్దే పనిలో కూర్చోబెట్టారు. ఆ పని గురించి ఆమె నన్నేమీ అడగకూడదు, నేనేమీ చెప్పకూడదు.

ప్యాంట్రీలో ఎదురుపడితే “తిన్నరా అంకుల్” అంటుంది. తిన్నానంటాను. కప్పు కడుక్కుని వెళ్లిపోతుంది.