డాక్టరక్కయ్య పలకని నాలుగు మాటలు

డాక్టరక్కయ్య ఇక లేరని శుక్రవారం పొద్దున ఆవిడ చెల్లెలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను కదలలేదు. మా ఆయన వచ్చి పొయ్యి ఆపి, నా మొహం చూసి కుర్చీలో కూలబడ్డారు. దేశం కాని దేశంలో, నోవై అనే ఊళ్లో మా పక్కిల్లే ఆవిడది. ఇన్నేళ్లూ ఎవరు ముందు లేస్తే వాళ్లు రెండు ఇళ్ల ముందూ మంచు తీసేవాళ్లం. ఎప్పుడూ ఆవిడే ముందు లేచేవారు.

మేం ఈ ఇంట్లో దిగింది డెబ్భైల చివర్లో. మా ఆయన నాస్తికుడు. పెళ్లిచూపుల్లోనే ఆ మాట చెప్పేసిన మనిషి. అయినా నేను సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే, ఇంట్లో గొడవెందుకని బుద్ధిగా పీట మీద కూర్చుని, ప్రసాదం రెండుసార్లు పెట్టించుకునేవారు. అక్కయ్య కూడా వచ్చేవారు. అయితే వెనకాల కూర్చుని, అందరూ దండం పెడుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండేవారు. తర్వాత గిన్నెలన్నీ కడిగి వెళ్లేవారు. దండం పెడితే ఈవిడ సొమ్మేం పోయిందని నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కయ్యా, మీరూ మా ఆయన బాపతేనా?"

"కాదమ్మా. లేడని చెప్పడానికి నా దగ్గర ఏముంది?"

"అయితే ఉన్నాడంటారా?"

"ఉన్నాడనడానికి మాత్రం ఏముంది?"

అలాంటివాళ్లని ఎగ్నాస్టిక్ అంటారని, తెలుగులో అజ్ఞేయవాది అనాలని మా ఆయన అందుకున్నారు. "అంత పెద్ద మాటెందుకు తమ్ముడూ, తెలియదు అంటే సరిపోదూ?" అన్నారావిడ. ఊరుకుంటే మా ఆయన ఎందుకవుతారు? "డాక్టరుగారూ, దీన్ని మా వైపు గోడ మీద పిల్లి అంటారండీ" అన్నారు.

"ఎటు దూకితే లాభమా అని చూసేది పిల్లి. నాకు ఏ వైపూ లాభం లేదు కదా" అన్నారు అక్కయ్య, గిన్నె తుడుస్తూ.

ఆవిడ పేథాలజిస్టు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రోగమేమిటో తేల్చడం ఆవిడ పని. "ఉంటే ఉందని రాస్తాను, లేకపోతే లేదని రాస్తాను. ముక్క చాలకపోతే చెప్పలేనని రాస్తాను. ఆ మూడోది రాసినప్పుడే అందరికీ కోపం" అనేవారు. ఒక ఆదివారం నన్ను ల్యాబుకి తీసుకెళ్లి, నా వేలు గుచ్చి, ఆ రక్తపు చుక్కనే నాకు చూపించారు. లోపల గుండ్రటి బిళ్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. అదంతా నేనేనా అనిపించి కళ్లు తీయలేకపోయాను. తలెత్తి చూస్తే ఆవిడ మొహం నాకంటే వెలిగిపోతోంది. రోజూ చూసేదే కదా అన్నాను.

"రోజూ చూస్తాను. రోజూ నోట మాట రాదు. ఇది చూసి నువ్వు దేవుడంటావు, మీ ఆయన దేవుడి అవసరం లేదంటాడు. నాకు నోరు తెరుచుకుని చూడటంతోనే సరిపోతోందమ్మా."

ఎనభైలు మొదలయ్యాక ముగ్గురం ఒకేసారి సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాం. మాకైతే అది ఎప్పుడొచ్చినా ఒకటే. ఆవిడకి అలా కాదు. తల్లీ తండ్రీ పోయాక ఆవిడే పెంచిన చెల్లెలు ఒంటరిగా నెల్లూరులో ఉంది. అక్క సిటిజన్ అయితే తప్ప ఆ పిల్లను ఇక్కడికి రప్పించుకునే దారి లేదు. ఫారాలు నింపుతూ మా ఆయన, సిటిజన్ అయ్యే రోజున అందరూ చేయాల్సిన ప్రమాణం పైకి చదివారు. దాని చివర్లో 'సో హెల్ప్ మీ గాడ్', అంటే దేవుడి తోడు, అని ఉంది. అక్కయ్య కాఫీ పక్కన పెట్టారు.

"అది నేను అనలేను."

"నాలుగు మాటలండీ. నేనే హాయిగా అంటున్నాను. లేనివాడి పేరు చెబితే ఎవరికి నష్టం?"

"లేడని మీకు తెలుసు, అనేస్తారు. ఉన్నాడని మీ ఆవిడకి తెలుసు, అంటుంది. నాకు తెలియదు. తెలియనివాణ్ణి సాక్షిగా పిలిచి ఒట్టేస్తే అది ఏపాటి ఒట్టు?"

రష్యా పేరెత్తితే ఈ దేశం ఉలిక్కిపడే రోజులవి. దేవుడి మాట దగ్గర పేచీ పెడితే కమ్యూనిస్టు అనుకుని పంపేస్తారేమోనని మా భయం. చెల్లెలి కోసమైనా అనేయమని బతిమాలాను. "దాని కోసం వేసే ఒట్టే కదమ్మా. అందులో అబద్ధం ఆడనా?" అన్నారు. అంటూ చల్లారిపోయిన కాఫీ ఎత్తి, తాగకుండానే దించేశారు. ఆవిడకీ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది నాకు.

ఇంటర్వ్యూ రోజున మా ఇద్దరిదీ చప్పున అయిపోయింది. ఆవిడది ఎంతకీ కాలేదు. వరండాలో కూర్చుని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను. చివరికి అక్కయ్య బయటికొచ్చి జరిగింది చెప్పారు. మీరు ఎథీస్టా అని ఆఫీసర్ అడిగాడట. కాదన్నారట. మరి నమ్ముతారా అంటే, తెలియదన్నారట. ఆయన పెన్ను కింద పెట్టి, మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లు ఆ మాటలు వదిలేయొచ్చని, చట్టంలోనే ఆ వీలుందని చెప్పాడట. ఆవిడకి ఆ సంగతి ముందు తెలియదు. తెలియకుండానే అన్నిటికీ సిద్ధపడి ఆ గదిలోకి వెళ్లారు.

ప్రమాణం రోజున పెద్ద హాల్లో ఎన్నెన్నో దేశాలవాళ్లం చేతులెత్తి నిలబడ్డాం. జడ్జి చెబుతుంటే అందరం అంటున్నాం. అక్కయ్య ఒక్కో మాటా రిపోర్టు చదివినట్టు స్పష్టంగా పలికారు. చివరి నాలుగు మాటల దగ్గర నోరు మూసుకున్నారు. హాలంతా హోరుమంది. మా ఆయన గొంతు అందరికంటే పైన వినిపించింది. చెయ్యి ఎత్తి మౌనంగా నిలబడ్డ ఆవిడను చూస్తే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. రోజూ దీపం పెడుతూ, కూర ఏం వండాలా అని ఆలోచిస్తూ ఆ పేరు తలుచుకునేదాన్ని నేను.

తిరిగొస్తుంటే ఫ్రీవే మీద కారు నడుపుతూ మా ఆయన వెనక్కి తిరిగారు. "డాక్టరుగారూ, ఆ హాల్లో దేవుడి మాటను లెక్కచేసింది మీరొక్కరే" అన్నారు.

"ముందు రోడ్డు చూసి నడపండి తమ్ముడూ" అన్నారావిడ.

చెల్లెలు వచ్చింది. కలిసి బతికింది కొన్నేళ్లే. పోయిన వేసవిలో అక్కయ్య తన ఒంట్లోంచి తీసిన ముక్క ఉన్న గాజు స్లైడు తనే మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసుకున్నారు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఉంది" అన్నారు. అంతే. ఏడ్చింది మేమే.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు, మీ కోసం దండం పెట్టుకోనా అని అడిగాను.

"పెట్టుకో. నువ్వు మనస్ఫూర్తిగా పెట్టుకుంటావు."

"ఇప్పుడైనా ఏమైనా తెలిసిందా అక్కయ్యా?"

"లేదమ్మా" అన్నారు. ల్యాబులో ఆ రోజు చూసిన మొహమే మళ్లీ కనిపించింది. అంత తెలియనితనం ముందు అంత సంతోషంగా ఉండగలిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

అంత్యక్రియలు జరిగే ఫ్యునరల్ హోమ్‌లో ఏం చేయాలన్నది ఆవిడ ముందే చెల్లెలి ఇష్టానికి వదిలేశారట. ఆ పిల్ల దీపం పెట్టింది. ఎవరో గోవిందా అన్నారు, అందరం అందుకున్నాం. పక్కన మా ఆయన గొంతు వినపడలేదు. అనరేం అని నెమ్మదిగా అడిగాను.

"లేడనే అనుకుంటున్నాను ఇప్పటికీ. ఆవిడ ముందు ఊరికే ఎలా అనను?" అన్నారు.

గోవింద నామం ఆగేదాకా ఆయన పెదవులు బిగించి, ఆవిడ పాదాల దగ్గర చెయ్యి ఆనించి నిలబడ్డారు.