సినిమాలో కొండ మనిషి, మేయోలో మా ఆయన

మా ఆయన సినిమాలు చూసి కొండల్లోకి వెళ్లిపోయారంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. నాకు రాలేదు. ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారకముందే డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో బస్సెక్కి నేను పడమటి తీరంలోని మేయో జిల్లాకు బయల్దేరింది ఆయన్ను వెనక్కి తీసుకురావడానికే. ఆ వైపు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని దారి వివరాలు కూడా చెబుతున్నాను.

ముందు కొంత చెప్పాలి. చెర్రీవుడ్‌లో ఆయన పనిచేసే ఆఫీసు శరత్కాలంలో ఆయన టీమ్ మొత్తాన్ని తీసేసింది. మొదట్లో రోజూ అప్లికేషన్లు పెట్టేవారు. తర్వాత తర్వాత, నేను వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి సోఫాలో కూర్చుని ఏదో ఒక కొండ మనిషి సినిమా చూస్తూ కనిపించేవారు.

అవన్నీ ఇంచుమించు ఒకటే సినిమా. రెండు వందల ఏళ్ల నాటి అమెరికా, పడమటి కొండలు, మంచు. గడ్డం పెంచిన మనిషి ఒక్కడే గుర్రం మీద పోతుంటాడు. వాగుల్లో ఉండే బీవర్ అనే జంతువును బోను పెట్టి పట్టి, దాని తోలు అమ్ముకోవడం అతని బతుకుతెరువు. సినిమాలో మాత్రం అతను ఆ పని చేస్తూ కనిపించడు. ఎలుగుబంటితో కలబడతాడు. తన గాయం తనే కుట్టుకుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు.

క్రిస్మస్ అయ్యాక, మేయోలో ఒక రైతు కొండ కింద కాబిన్ అద్దెకిస్తున్నాడని, రెండు వారాలు ఉండి వస్తానని అన్నారు. మనసు కుదుటపడుతుందిలే అనుకుని సరేనన్నాను. రెండు వారాలు ఐదయ్యాయి. ఫోన్లు పోయి మెసేజ్‌లు, అవీ పోయి వారానికొక ముక్క. మా అమ్మాయి షారన్‌కు పన్నెండేళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇక్కడి ఇంగ్లిషులోనే. “హీజ్ గ్రాండ్, మామ్. లీవ్ హిమ్ బీ,” అనేది. బాగానే ఉన్నారు, వదిలెయ్యమని.

శనివారం ఆ రైతు ఫోన్ చేశాడు. పేరు మార్టిన్. కాబిన్ ఇచ్చేటప్పుడు అవసరానికి ఉంటుందని నా నంబరు తీసుకున్నాడట. “మీ ఆయన కాలు చూస్తే నాకు భయంగా ఉంది. డాక్టర్ దగ్గరికి రమ్మంటే రావడం లేదు. మీరు ఒకసారి వస్తే మంచిది,” అన్నాడు. ఆయనకు షుగర్. తీసుకెళ్లిన మాత్రలు ఎప్పుడో అయిపోయి ఉండాలని అప్పుడు తట్టింది. షారన్‌ను పక్కింటి సరోజ ఆంటీ దగ్గర దింపి, సెలవు పెట్టేశాను.

ఊళ్లోకి బస్సు, అక్కడి నుంచి లూవాస్ ట్రామ్‌లో హ్యూస్టన్ స్టేషన్. పొద్దుటి వెస్ట్‌పోర్ట్ రైలు ఎక్కాలి. టికెట్ ముందు రోజే ఫోన్‌లో కొనుక్కుంటే చవక, సీటు నంబరు కూడా వస్తుంది. ఎనిమిదయినా బయట వెలుతురు సరిగా రాలేదు. కిటికీ అద్దం మీద వాన అడ్డంగా జారుతోంది. రైల్లో తినడానికి ఏం దొరుకుతుందో తెలియదు కాబట్టి పులిహోర కట్టుకున్నాను. స్టేషన్లో కొన్న టీ కిల్డేర్ దాటకముందే చల్లారిపోయింది.

లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. ఆ కొండల్లో నిజంగా తిరిగినవాళ్లు ముసలితనంలో చెప్పుకున్న సంగతులు, వాటికి చరిత్రకారుల వివరణలు. ఆయనతో వాదన పెట్టుకోవాలంటే ఆయనకు తెలిసింది నాకూ తెలియాలి కదా.

కాసేపటికే నర్సులాగా చదవడం మొదలుపెట్టాను. బోను పెట్టేది నీళ్లలో. మంచు కరిగిన వాగులో మోకాళ్ల లోతున నిలబడాలి, చలికాలం ముందూ తర్వాతా రోజూ అదే పని. నడివయసు రాకుండానే కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు, వేళ్లు నల్లబడి కోయించుకున్నవాళ్లు, చెడిపోయిన మాంసం తిని విరేచనాలతో పోయినవాళ్లు, ఆకలికి చెప్పుల తోలు ఉడకబెట్టుకున్నవాళ్లు. సినిమాలో గాయం తర్వాతి సీనుకు మానిపోతుంది. పుస్తకంలో గాయపడ్డవాడి పక్కన ఇంకొకడు కూర్చుని ఉంటాడు, నీళ్లు తాగిస్తుంటాడు.

ఒంటరితనం కూడా సినిమావాళ్లు పెట్టిందే. చాలామంది జట్లుగా తిరిగారు. వంటవాడు, గుర్రాలు చూసుకునేవాడు, గుడారం కాచేవాడు ఉండేవారు. చలికాలమంతా ఒక్కచోట చేరి, చదువొచ్చినవాడు పుస్తకం పైకి చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. చాలామంది ఆ నేల మీద ముందునుంచీ ఉన్న తెగల ఆడపిల్లలను పెళ్లి చేసుకున్నారు. తోళ్లు గీకి శుభ్రం చేసింది, చెప్పులు కుట్టింది, మాంసం ఎండబెట్టి చలికాలానికి దాచింది ఆ ఆడవాళ్లే. సినిమాలో ఆమె రెండు సీన్లలో కనిపించి చనిపోతుంది. ఆమె పోయాకే అతను అసలు హీరో అవుతాడు.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆత్లోన్‌లో షానన్ నది దాటాక ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. పుస్తకం అట్ట చూసి నవ్వింది. “మా అమ్మమ్మ వాళ్ల అన్న అమెరికా కొండల్లో గుర్రం మీద తిరిగాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. తర్వాత తెలిసింది, గుర్రాల శాలలో పేడ ఎత్తేవాడట,” అంది.

“తెలిసి బాధపడ్డారా?”

“నేను పడలేదు. మా అమ్మ మాత్రం పోయేదాకా గుర్రం కథే చెప్పింది.”

నాలాగా బాలినా వెళ్లేవాళ్లు మనుల్లా జంక్షన్‌లో రైలు మారాలి. చుట్టూ ఊరు లేదు. ఒక రైలు దిగి ఇంకొకటి ఎక్కడానికి మాత్రమే ఉన్న స్టేషన్ అది. ప్లాట్‌ఫారం అవతల తడిసిన గొర్రెలు, రాతి గోడలు. చిన్న రైలు వచ్చేదాకా నిలబడే పులిహోర తిన్నాను. నోటికి రుచి తెలియలేదు.

బాలినాలో బస్సు స్టాండు రైల్వే స్టేషన్‌కు దగ్గరే. మార్టిన్ ఉండే బాంగర్ ఎరిస్ వైపు బస్సులు తక్కువ. ఒకటి తప్పితే ఆ రోజు పోయినట్టే, కాబట్టి ముందే వేళలు చూసుకోండి. నాతో కలిపి నలుగురం ఎక్కాం. డ్రైవర్ నా బ్యాగు అందుకుంటూ, “నడకకు వచ్చారా? వాతావరణం అసలు బాగోలేదు,” అన్నాడు.

“లేదు. మా ఆయన ఇక్కడ ఉంటున్నారు.”

“మార్టిన్ కాబిన్లో ఉండే డేవిడా? అయితే మీరు కరుణ. ఆయన కూర వండి పంపితే మార్టిన్ భార్య మా ఇంటికి కూడా కొంచెం తెచ్చింది.”

నాకు వారానికి ఒక ముక్క రాసే మనిషి, ఇక్కడ కూరలు పంచుతున్నారు.

క్రాస్‌మొలినా దాటాక ఇళ్లు పలచబడ్డాయి. రెండువైపులా గోధుమరంగు బురద నేల, మధ్యలో నల్లటి నీటి గుంటలు. అక్కడక్కడ వరసలు వరసలుగా నాటిన దేవదారు జాతి చెట్లు. కొండలు ఉన్నాయని తెలుస్తుంది కానీ నడుము పైన అంతా మబ్బే. ఎండ ఉన్న రోజున చూసినవాళ్లు చాలా అందంగా ఉంటుందంటారు. నేను చూసింది ఇదే.

బాంగర్‌లో మార్టిన్ పాత కారుతో నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. టోపీ తీసి పలకరించాడు. దారిలో నెమ్మదిగా చెప్పాడు. “ఒక్కడే ఉండాలని ఉందన్నాడు, సరే అన్నాను. కానీ పొయ్యిలోకి టర్ఫ్ మట్టిగడ్డలు ఎవరో ఒకరు తెచ్చివ్వాలి కదా, అవి నేనే తెస్తున్నాను. మా ఆవిడ సూప్ పంపుతుంది. అతను కూర పంపుతాడు. మంచివాడు. కాలు గురించి ఎత్తితే మాత్రం తలుపేసుకుంటాడు.”

కాబిన్ అంటే ఒకటే గది. గోడలకు చెమ్మ. పొయ్యి పక్క కుర్చీలో ఆయన, దుప్పటి కప్పుకుని. గడ్డం మెడ దాకా పెరిగింది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డారు.

“నువ్వెందుకొచ్చావ్ కరుణా, ఇంత వానలో?”

“కాలు చూపించండి.”

“ఏం లేదు. కట్టెలు కొడుతుంటే దుంగ జారి కాలి మీద పడింది. తగ్గుతోంది.”

నేను కింద కూర్చుని మేజోడు తీశాను. తడిపితే కానీ ఊడి రాలేదు. చిటికెనవేలు, దాని పక్కది నల్లగా ఉన్నాయి. ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది. వాసన చెప్పనవసరం లేదు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి కాళ్లు చూస్తున్నాను. మా ఆయన కాలు ఇలా చూస్తాననుకోలేదు.

“దీనికేం చేశారు?”

“విస్కీ పోసి కడిగాను. గుడ్డ కట్టాను.”

“అలా చెయ్యమని ఎవరు చెప్పారండీ?”

ఆయన దుప్పటి పైకి లాక్కున్నారు. “నొప్పి లేదు, అందుకే...” అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవడమే భయపడాల్సిన సంగతి. అది ఆయనకూ తెలుసు.

“లేవండి. మార్టిన్ బయట కార్లో ఉన్నాడు. ఆస్పత్రికి వెళ్దాం.”

“నేను రాను.” గొంతు పెంచలేదు. “అక్కడికెళ్తే ఏం చేస్తుంటారని అడుగుతారు. చర్చిలో ప్రతి ఆదివారం అడిగేవారు. డేవిడ్ బ్రదర్, ఏమైనా దొరికిందా, ప్రార్థన చేస్తున్నాం అని. షారన్ ఫ్రెండ్స్ వాళ్ల నాన్నలు అడిగేవారు. ఈ కొండల్లో నన్ను ఎవరూ అడగలేదు కరుణా. ఆ సినిమాల్లో మనిషిని చూడు, నీ ఉద్యోగమేంటని ఎవడైనా అడుగుతాడా?”

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. పుస్తకం బ్యాగులోనే ఉంది కానీ తీయలేదు.

“వాళ్లకూ అది ఉద్యోగమేనండీ,” అన్నాను. “చాలామంది కంపెనీ మనుషులు. వాళ్లు పట్టిన బీవర్ తోలుతో ఊళ్లలో దొరలకు టోపీలు చేసేవారు. కొన్నాళ్లకు వాగుల్లో బీవర్లు తగ్గిపోయాయి, జనం పట్టు టోపీలకు మారారు. అంతే, పని అయిపోయింది. వాళ్లనీ తీసేశారు.”

ఆయన నా వైపు చూశారు. “నిజంగానా?”

“నిజంగానే.”

“తర్వాత ఏం చేశారు?”

“కొందరు బళ్లలో పడమటికి పోయేవాళ్లకు దారి చూపించే పనిలో చేరారు. కొందరు పొలం చేసుకున్నారు. కొందరు తాగి పాడైపోయారు. పెళ్లాం పిల్లలున్నవాళ్లు చాలామంది వాళ్లతోనే ఉన్నారు.”

“అదేదీ సినిమాలో లేదు,” అన్నారు చిన్నగా.

“టోపీల మీద సినిమా ఎవరు చూస్తారు?”

ఆయన నవ్వలేదు. ఒంటి మీది దుప్పటి తీసి పక్కన పెట్టారు. చెయ్యి చాపారు. ఆ చెయ్యి కాలిపోతోంది, జ్వరం. నేనూ మార్టిన్ రెండువైపులా పట్టుకుని కారెక్కించాం. వెనక సీట్లో నా భుజం మీద తల పెట్టి, “షారన్‌కు తెలుసా?” అని ఒకటే మాట అడిగారు. తెలియదన్నాను.

కాసిల్‌బార్ ఆస్పత్రికి కారులో గంట పైనే పట్టింది. చీకటి పడేసరికి ఆయన్ను వార్డులోకి తీసుకున్నారు. నర్సు పేరు, పుట్టిన తేదీ అడిగి, ఉద్యోగం దగ్గర ఆగింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే, “పోయింది,” అన్నారు. ఆ అమ్మాయి తల ఊపి రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

మర్నాడు రెండు వేళ్లు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం పోయేదని డాక్టర్ చెప్పింది. ఊళ్లో ఒక బీ అండ్ బీలో, అంటే గదులు అద్దెకిచ్చే ఇంట్లో, చోటు దొరికింది. చలికాలం అలాంటివి చాలావరకు మూసి ఉంటాయి, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి. ఆ ఇంటావిడ పొద్దున్నే గుడ్లూ టోస్టూ పెట్టింది. సగం వదిలేశాను.

బుధవారం మధ్యాహ్నం డబ్లిన్ రైలు. మర్నాడు నాకు డ్యూటీ, షారన్‌కు బడి. వార్డులో చెప్పి బయల్దేరుతుంటే ఆయన దుప్పటి అంచు సర్దుకుంటూ, “ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలియడం లేదు కరుణా,” అన్నారు. నాకూ తెలియదని చెప్పాను. ఏదో ఒకటి అవుతుందని చెప్పి ఉండొచ్చు.

రైలు సగం ఖాళీ. షారన్ ఫోన్ చేస్తే జరిగిందంతా చెప్పాను. “డజ్ ఇట్ హర్ట్ హిమ్?” అంది. “ఇప్పుడు నొప్పి తెలుస్తోంది, అది మంచిదే,” అన్నాను. ఏడుస్తోందని అర్థమైంది. ఇక్కడి నుంచి ఆ పిల్ల వీపు నిమరలేను.

మేయోకు వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. దారి సులువే, మనుషులు మంచివాళ్లు, వాన ఆగదు. కొండలు ఎలా ఉంటాయో నాకు తెలియదు, మూడు రోజుల్లో మబ్బు ఒక్కసారీ తొలగలేదు. సినిమాలో మనిషి ఎప్పటికీ ఆ మంచులోనే నడుస్తూ ఉంటాడు, తెర మీద పేర్లు పడతాయి. పుస్తకంలో వాళ్లు కిందికి దిగి వచ్చారు. కీళ్లు పట్టేసి, వేళ్లు పోయి, చేసే పని లేక వచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. ఆ ఏళ్ల గురించి పుస్తకంలోనూ నాలుగు వాక్యాలకు మించి లేవు.

రాస్‌కామన్ దాటాక ఆయన మెసేజ్ వచ్చింది. “నొప్పిగా ఉంది. ఆదివారం వస్తావా? షారన్‌ను తీసుకురా.”

వస్తామని రాసి, ఆదివారం రైళ్లెన్ని ఉన్నాయో చూడటం మొదలుపెట్టాను.