మూడొందల వేగానికి విన్సెంట్ గారి షాఫ్టు

విన్సెంట్ గారు తిప్పిన షాఫ్టుల సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. నరసాపురం పక్క పల్లెలో బడి, ఊళ్లో ఐటీఐ, అక్కడి నుంచి నేరుగా ఖతర్. మెసయీద్‌లో ఒక పెద్ద కంపెనీలో ఇరవై ఆరేళ్లపాటు పంపులూ బ్లోయర్లూ ఆయన చేతి మీదుగానే తిరిగాయి. ఆయన సరిచేసిన పంపు మీద నీళ్ల గ్లాసు పెడితే నీరు తొణికేది కాదు. కొత్తగా చేరినవాళ్లను తీసుకొచ్చి మరీ ఆ గ్లాసు చూపించేవారు. ఉత్తమ పనివాడని ఇచ్చిన జ్ఞాపికలు ఏడున్నాయి. అల్ వక్రాలో ఇంటి హాల్లో టీవీ పక్కన బారుగా నిలబెట్టుకున్నారు. వాటి దుమ్ము దులిపేది ఆయన భార్య లూర్దమ్మ గారు. దులిపినప్పుడల్లా ఒక మాట అనకుండా ఉండరు.

"ఇన్ని తిప్పారు గానీ, ఒక్కటీ ఉన్నచోటు నుంచి కదల్లేదండీ."

నవ్వులాటకే అన్నా ఆ మాట ఆయనకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది. అందుకే కంపెనీ నుంచి దిగాక ఇంట్లో కూర్చోలేదు. దోహా పారిశ్రామిక వాడ సనయ్యాలో, కార్ల వెనక చక్రాలకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టులు చేసే గ్యారేజీలో చేరారు. తను చేసిన షాఫ్టు ఒక్కటైనా గంటకు మూడొందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

ఆ కోరికను వెతుక్కుంటూ వచ్చినట్టే ధాత్రి వచ్చింది. హైదరాబాద్ పిల్ల, ఆఫీసులో ఇంజనీరు, దోహాలోనే ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఫ్లాటు. రెండు తలుపుల పాత అమెరికా కారొకటి కొనుక్కుని, కార్ల క్లబ్బు వాళ్లు శనివారాల్లో తిన్నని ట్రాకు మీద పెట్టే స్పీడు పరుగులకు వెళ్తుంటుంది. ఎండలు ముదరక ముందు రెండు శనివారాలే మిగిలాయి.

"రెండొందల డెబ్బై నాలుగు దాటుతలేదు అంకుల్," అంది. "ఐదో గేర్ల ఇంజన్ మొత్తుకుంటది. ఆరేస్తే పండుకుంటది. అందుకే ఇగో, అన్నిట్ల కన్న లాంగ్ గేరు తెప్పించిన."

ఇరుసులో వేసే క్రౌన్, పినియన్ పళ్ల చక్రాల జత అది. విన్సెంట్ గారు పళ్లు లెక్కపెట్టి పక్కన పెట్టేశారు.

"ఇది వేస్తే ఐదులోనే పడుకుంటుంది తల్లీ. ఏటిగట్టు మీద ఎదురుగాలికి సైకిలు తొక్కావా ఎప్పుడైనా?"

"మా దగ్గర ఏటిగట్టు యాడుంది అంకుల్? నెక్లెస్ రోడ్డు మీద తొక్కిన."

"ఎక్కడైతేనేం. ముందు పళ్ల చక్రం పెద్దది పెట్టుకున్నంత మాత్రాన గాలి దారిస్తుందా? కాల్లో బలం ఎంతో చక్రం అంత. నీ ఇంజనుకు ఎక్కడ ఊపిరి ఎక్కువో, ఐదో గేరులో సరిగ్గా అక్కడికి మూడొందలు పడాలి. ఆరు సంగతి మరిచిపో."

మధ్యరకం పళ్లున్న జత ఎంచారు. దాంతో మరో లాభం ఉంది. అదే వేగానికి షాఫ్టు మునుపటికన్నా తక్కువ చుట్లు తిరుగుతుంది. అయినా పాత షాఫ్టును నమ్మలేదు. సన్నగా పొడుగ్గా ఉన్న గొట్టం అంత జోరులో తాడాట తాడులా నడుమ పొట్ట తీస్తుంది. లావుపాటి తేలిక గొట్టంతో కొత్తది చేసి, బ్యాలెన్సు మిషను మీద ముల్లు కదలకుండా నిలిచేంత వరకూ వదల్లేదు. తర్వాత ఇంజనూ షాఫ్టూ ఇరుసూ దారం పట్టినట్టు ఒకే గీతలోకి తెచ్చి బిగించారు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక టీ దగ్గర అందరి ముందూ చెప్పేశారు కూడా: "రేపు మూడొందలు."

మర్నాడు రెండొందల నలభై దగ్గరే కారు వణికిపోయింది. ధాత్రి కాలు తీసేసి, నెమ్మదిగా తెచ్చి ఆపింది.

"సీటు కింద బర్రె లేసినట్టయింది అంకుల్."

విన్సెంట్ గారు షాఫ్టు విప్పి మళ్లీ మిషను మీద పెట్టారు. వెంట్రుకంత తేడా లేదు. తర్వాతి శుక్రవారం టీ దగ్గర, వరసకు కొడుకయ్యే జడ్సన్ ఊరుకోలేదు.

"ఏం బాబాయ్, మూడొందలని మొదలెట్టి రెండొందల నలభైకే ముగింపు దీవెన చెప్పేశావంట?"

ఆయన టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చారు. మిగిలింది ఒక్క శనివారం, అదీ మర్నాడే.

ఆ మధ్యాహ్నమే ధాత్రి భోజనానికి వచ్చి, ఫోను బల్ల మీద పెట్టింది. కారు కింద చిన్న కెమెరా అతికించి తీసిన వీడియో అది. యాక్సిలరేటరు తొక్కగానే షాఫ్టు వెనక కొసను పట్టుకున్న ఇరుసు ముక్కు పైకి లేస్తోంది. వదిలితే దిగుతోంది. విన్సెంట్ గారు కళ్లజోడు సవరించుకుని మళ్లీ మళ్లీ చూస్తున్నారు. హమూర్ చేపల పులుసు వడ్డిస్తూ లూర్దమ్మ గారు తొంగి చూశారు.

"మోటారేస్తే పడవ ముక్కు లేవదేంటండీ? దీనికింత గింజుకుంటున్నారేం?"

విన్సెంట్ గారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, పగలబడి నవ్వారు.

"అమ్మాయ్, మెసయీద్‌లో ప్రతి మిషనూ కాంక్రీటులో పాతేసి ఉంటుంది. నేను నీ కారునీ కాంక్రీటులో పాతేశాను."

"మరిప్పుడెట్ల?"

"నిలబడి ఉన్నప్పుడు ముక్కు కాస్త కిందికి వంచి పెడతాను. పూర్తి జోరు మీద లేచినప్పుడు దానంతటదే షాఫ్టుతో ఒకే గీతలోకి వస్తుంది. పద."

"తిని పొండి," అన్నారు లూర్దమ్మ గారు. ఇద్దరూ తినే వెళ్లారు. చీకటి పడేలోపు ఇరుసు కింద పలచని ముక్కలు దూర్చి, ముక్కు రెండు డిగ్రీలు దించి బిగించారు.

శనివారం పొద్దున గాలి లేదు. లూర్దమ్మ గారు కూడా ఫ్లాస్కు పట్టుకుని వచ్చారు. ఒక్కో కారుకు రెండు పరుగులు. మొదటిదాంట్లో వణుకు లేదు, గిణుకు లేదు. బోర్డు మీద రెండొందల తొంభై ఎనిమిది పడింది. ధాత్రి అద్దం దించింది.

"ఎర్ర లైటు ఎలిగింది అంకుల్, గేరు మార్చమన్నట్టు. జర కాలు తీసిన. ఈసారి ఆరెయ్యాల్నా?"

"వెయ్యకు. ఆ లైటు కాస్త ముందే వెలుగుతుంది. దాని అవతల ఇంకా చోటుంది, నేను లెక్క చూసుకునే పళ్లు ఎంచాను. గీత దాటేదాకా ఐదు వదలొద్దు."

"ఏమైనా అయితే?"

"షాఫ్టు కింద ఇనుప పట్టా కట్టాను, తెగినా నేలకు తగలదు. కానీ తెగదు."

ధాత్రి ఆయన ముఖం ఒకసారి చూసి, "యల్లా, పోతున్న," అని అద్దం ఎత్తింది.

కారు చిన్నదైపోయి, ఎండమావిలో కరిగి, మోత మాత్రం మిగిలింది. ఆ మోత ఎక్కడా తగ్గలేదు. విన్సెంట్ గారు బోర్డు వైపు చూడకుండా చెవి ఒగ్గి నిలబడ్డారు. మైకులో వేగం ముందు అరబీలో చెప్పారు, తర్వాత ఇంగ్లీషులో చెప్పారు. ఇంకో భాషలో కూడా చెబుతారేమోనన్నట్టు ఆయన కాసేపు ఆగారు. చెప్పలేదు. అప్పుడాయనే మెసయీద్‌లో మిషన్ల మోతను దాటించిన గొంతుతో, ట్రాకు పొడుగునా వినబడేలా చెప్పారు.

"మూడొందల మూడు."

పక్క గుడారంలోని ఫిలిప్పీనో కుర్రాళ్లు ఆ మాట అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.