నేను పుట్టించిన కావలప్ప

పిల్లలు నవ్వుతూ చరిత్ర చదవాలని, చదివినదాన్ని ప్రశ్నించాలని, చంద్రగిరి కోటకు కాపలా కాసిన ఒక నిద్రమొద్దు డైరీని కల్పించి పుస్తకంగా వేశాను. శత్రువులు వచ్చినా లేవకుండా వాడు గురకపెట్టే బండ కూడా అందులో ఉంది.

మొన్న కోటకు వెళితే ఒక బండకు పసుపు, కుంకుమ పూసి ఉన్నాయి. ఒక తల్లి కూతురిచేత దానికి దండం పెట్టిస్తోంది.

"ఈ బిడ్డకు నిద్ర పట్టదు సార్. కావలప్పకు మొక్కితే పడతాదంట."

"ఆ కావలివాణ్ణి నేనే కల్పించి రాశానమ్మా. అట్లాంటి మనిషే లేడు."

"రాసింది మీరేనా! మీ సేత రాయించింది ఆయప్పే కదా సార్!"

"నేను సదివినా సార్, భలే నవ్వినా," అంది పాప.

పుస్తకం చదివి నవ్విందే గానీ, ఇదంతా నిజమేనా అని అడగలేదు. ప్రశ్నించడం నేర్పాలని కదా రాశాను! తల్లి సైగ చేయగానే ఆ పాప వంగి నా కాళ్లకూ మొక్కింది.