గంట మోగితే పుస్తకం మూసెయ్యి

సుగుణ ఆంటీ ప్రభువునందు నిద్రించారని నాకు మొదట చెప్పింది ఆవిడ భర్త సుందరం అంకులే. ఆ శనివారం పొద్దున పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పక్కన టమాటా ఆకారంలో ఉన్న పాత ఎర్ర టైమర్ టిక్కుటిక్కుమంటోంది. "కృపా, ఆంటీ వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే," అన్నారు ఫోన్‌లో. అంతలో టైమర్ గణగణ మోగింది. "అదింకా పనిచేస్తోందా?" అని అడిగారు అంకుల్, ఆ ఒక్క క్షణం దుఃఖం మరిచిపోయినట్టు. ఆ టైమర్ ఆంటీదే. నేను పన్నెండో తరగతిలో అడుగుపెట్టబోయే వేసవిలో ఆవిడ నా చేతిలో పెట్టారు.

అప్పుడు మేం టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. నేను అంతవరకూ బడి గడప తొక్కలేదు. ఇంట్లో అమ్మే చదువు చెప్పింది. మా బడికి టీచరూ ప్రిన్సిపాలూ అమ్మే, ఆకలేస్తే అన్నం పెట్టేదీ అమ్మే. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో కాలం. బయాలజీ మొదలుపెడితే ఆ పుస్తకం చివరి పేజీదాకా బయాలజీయే. అది పూర్తయ్యాకే ఆల్జీబ్రా. మొదలుపెట్టింది అయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదన్నది ఇంటి నియమం. అంత శ్రద్ధగా, అంత తీరిగ్గా చదువుకోగలగడం దేవుడు నాకిచ్చిన వరం. కాకపోతే నాలుగు పనులు నెత్తిన పెట్టుకుని రోజు గడపడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

సీనియర్ ఇయర్‌కి, అంటే ఆ పన్నెండో తరగతికి, కమ్యూనిటీ కాలేజీలో చేరాలనుకున్నాను. అక్కడ తీసుకునే కోర్సులు హైస్కూలుకీ, తర్వాత కాలేజీకీ రెండింటికీ పనికొస్తాయి. కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్, ఎకనామిక్స్ ఎంచుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి హాల్లో పేపర్ ప్లేట్లు పట్టుకుని అందరం నిలబడి ఉంటే, ఆంటీ నా వైపు తిరిగారు. ఆవిడ రిటైరైన డాక్టరు. అంకుల్‌తో కలిసి డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, ఎందరో పిల్లల చదువులు దగ్గరుండి చూసిన మనిషి.

"ఏం తీసుకుంటున్నావే పిల్లా?"

గడగడా అప్పజెప్పాను. ఆవిడ గారె ముక్క నములుతూ విన్నారు.

"బాగుంది. మరి నిద్ర ఏ సెమిస్టర్‌లో తీసుకుంటావ్?"

నాన్న కల్పించుకున్నారు. "హోమ్‌స్కూల్ పిల్ల కదక్కా. యూనివర్సిటీ వాళ్ళకి అప్లికేషన్ స్ట్రాంగ్‌గా కనపడాలి."

"అప్లికేషన్ కనపడాలి, సరే. పిల్ల కూడా మనకి అప్పుడప్పుడూ కనపడాలి కదయ్యా. ఒక వారం మా ఇంటికి పంపండి. వచ్చే ఏడాదిని ముందుగా ఒక వారం బతికి చూస్తుంది."

అది ఆవిడ పద్ధతి. ఏ పిల్లకీ ఇది తీసుకో, అది మానుకో అని చెప్పేవారు కాదు. కోర్సులు మొదలయ్యాక రోజు ఎలా నడుస్తుందో అచ్చంగా అలాగే ఒక వారం నడిపించేవారు. సోమవారం పొద్దున్నే అంకుల్ నన్ను డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి హైవే మీద కాలేజీ పార్కింగ్ దాకా తీసుకెళ్ళి, కారు దిగకుండానే వెనక్కి తిప్పించారు. ట్రక్కు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన చేతులు జోడించుకునేవారు. "భయపడకమ్మా, నేను ప్రార్థన చేసుకుంటున్నానంతే. నువ్వు మాత్రం కళ్ళు మూసుకోకు," అనేవారు. ఇంటికి రాగానే ఆంటీ డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలు, ఈ ఎర్ర టైమర్. అది మోగితే పుస్తకం మూసెయ్యాలి. లెక్క సగంలో ఉన్నా సరే.

నా వల్ల కాలేదు. ఫిజిక్స్ లెక్క ఇంకో రెండు గీతల్లో తేలిపోతుందనగా మోగేది. నేను మోచేత్తో పుస్తకం కమ్మి రాస్తూనే ఉండేదాన్ని. ఆంటీ వచ్చి మెల్లగా లాక్కునేవారు. "అక్కడ నీకోసం క్లాసు ఆగదు కృపా. సగంలో వదలడం కూడా నేర్చుకోవాలి." మిగిలిందంతా ఇంటికి మోసుకెళ్ళి పూర్తి చేసేదాన్ని. మర్నాటికి ఇంకొంత మిగిలేది.

బుధవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ప్రార్థన చెయ్యడం ఆ వారం నా వంతు. తల వంచి, "కృపగల తండ్రీ, ఈ దినమంతా మమ్మల్ని కాపాడినందుకు..." అని మొదలుపెట్టాను. అక్కడే నిలబడి నిద్రపోయాను. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. పిల్ల ఆత్మలో కదిలిపోయిందనుకుని ఒకావిడ "స్తోత్రం, స్తోత్రం" అంటోందట. చివరికి సుందరం అంకులే, "ఆమెన్. పాపం, పడుకోబెట్టండి," అన్నారు. ఆ తర్వాత చాలాకాలం, పెద్ద ప్రార్థన ఎవరు చేసినా మా వాళ్ళు ఓరకంట నన్నే చూసేవారు.

మర్నాడు అమ్మ నాతోపాటు ఆంటీ ఇంటికి వచ్చింది. నన్ను టేబుల్ దగ్గర కూర్చోబెట్టి వాళ్ళిద్దరూ వంటగదిలో నిలబడ్డారు. తలుపు తీసే ఉంది.

"తగ్గించమంటే నాకు భయంగా ఉందక్కా," అంది అమ్మ. "ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చోబెట్టి పిల్ల భవిష్యత్తు పాడుచేసిందన్నవాళ్ళు ఉన్నారు. ఇది అయిదూ గట్టిగా చేసి చూపిస్తే..."

"ఎవరికి చూపించాలి?"

అమ్మ ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. నేను ఆ అయిదూ ఎందుకు ఎంచుకున్నానో నాకప్పుడు అర్థమైంది. నేను ఓడిపోతే అమ్మ ఓడిపోయినట్టేనని నాకు ఎవరూ చెప్పలేదు, కానీ తెలుసు. నా సంవత్సరమంతా అమ్మ తరఫున సాక్ష్యం చెప్పడానికే పెట్టుకున్నాను.

ఆంటీ టేబుల్ దగ్గరికొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "వీటిలో నీకు భయమేసేది ఏది?"

"ఏదీ లేదాంటీ. టైమ్ చాలట్లేదు, అంతే."

"మరి పాతికమంది పిల్లల ముందు లేచి నిలబడి మాట్లాడమంటే?"

నేను పెన్సిలు కిందపెట్టేశాను. అది ఆవిడ కనిపెట్టేశారు.

"లెక్కలు నీకు బరువే గానీ కష్టం కాదు. నీకు కష్టం మనుషులు. అయిదూ బరువైనవి పెట్టుకుని దాన్నే ఛాలెంజ్ అనుకుంటున్నావు." తర్వాత అమ్మ వైపు చూశారు. "అయిదో గంట నీ దగ్గరే ఉండనీ, లీలా. తెలుగు చెప్పు. దీని సీనియర్ ఇయరంటే నీకూ ఆఖరి సంవత్సరమే కదా."

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మాట అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

కాలిక్యులస్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ ఉండిపోయాయి. ఫిజిక్స్, ఎకనామిక్స్ పోయాయి. కొత్తగా స్పీచ్, అంటే నలుగురి ముందు మాట్లాడడం నేర్పే క్లాసు, వచ్చింది. ఐదోది అమ్మ దగ్గర తెలుగు. నాన్న ఆ రోజంతా ముభావంగా ఉన్నారు గానీ, మర్నాడు తనే వెళ్ళి నాకు రోడ్డు మ్యాప్ కొనుక్కొచ్చారు.

ఆ సంవత్సరం తేలిగ్గా ఏమీ గడవలేదు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇద్దరం కలిసి పనిచెయ్యాలంటే ఎలాగో తెలియక మొదటి వారం గాజు గొట్టాలన్నీ నేనే కడిగాను. స్పీచ్ క్లాసులో నా మొదటి ప్రసంగం మా ఇంటి బడి గురించి. ప్రిన్సిపాల్ గారు చదువు చెబుతూ చెబుతూ పోపు మాడ్చేవారని చెప్పగానే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. టైమ్ అయిందని టీచరు చెయ్యెత్తారు. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆపేసి, థాంక్యూ చెప్పి, నడిచొచ్చి కూర్చున్నాను. పార్కింగ్‌లోంచి ఫోన్ చేస్తే అమ్మ అడిగింది: "పోపు సంగతి అందరికీ చెప్పేశావా?" అంటూ తనూ నవ్వింది. ఆ సాయంత్రం తెలుగు పాఠం మామూలుగానే జరిగింది. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ ఐదో గంటలో నేర్చుకున్న తెలుగే.

నేనిప్పుడు ఫార్మసిస్టుని. మా చర్చిలో పన్నెండో తరగతికొచ్చే పిల్లలకి ఆంటీ చేసినట్టే ఒక వారం నడిపిస్తాను. సగంలో ఉన్న పని వదిలి ప్రార్థనకి లేవడం నాకు ఈనాటికీ కష్టమే. అయినా లేస్తాను, లేచిన ప్రతిసారీ ఆవిడ కోసం దేవునికి వందనాలు చెప్పుకుంటాను.

సమాధి కార్యక్రమం అయ్యాక టైమర్‌ని అంకుల్‌కి ఇవ్వబోయాను. ఆయన అరచేతిలో కాసేపు తిప్పి చూసి, నాకే తిరిగిచ్చేశారు.

"ఈసారి పిల్ల ఎవరు?"

హన్నా అనే అమ్మాయి అని చెప్పాను. ఏడు కోర్సులు రాసుకొచ్చిందని కూడా.

"ఏడా?" అన్నారు. ఆంటీ పోయాక మొదటిసారి ఆయన మొహంలో చిన్న నవ్వు కనిపించింది. "హైవే మీదికి నేను తీసుకెళ్తాలే."

సోమవారం పొద్దున ఆయన హన్నా పక్క సీట్లో కూర్చుంటారు. ఆంటీకి నేను చెప్పాల్సిన కృతజ్ఞతలు దేవుని దగ్గర చెప్పుకుంటాను. మీరు మాత్రం ఆ పూట ప్రార్థనలో సుందరం అంకుల్‌ని ఒక్కసారి తలుచుకోండి. ట్రక్కు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆయన చేతులు జోడించుకుంటారు. హన్నాని నా దగ్గర దింపి ఇంటికెళ్ళాక, ఆంటీ మాకు పుస్తకాలు పరిచిన ఆ టేబుల్ దగ్గర ఒక్కరే కూర్చుంటారు.